వెనక లైటు ఎవరు చూస్తారు?
పొద్దుగూకాక కె.గంగవరం నుంచి కోటిపల్లి వైపు మోటార్ సైకిలు మీద వెళ్లేవాళ్లని కాపాడేది ముందు వెలుగు కన్నా వెనక ఎర్ర దీపమే అని నా గట్టి నమ్మకం. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను ఉన్న డెల్టా రోడ్డు మీద, వెనక వచ్చే లారీవాడు ఆఖరి క్షణంలో చూస్తే తప్పుకోడానికి చోటెక్కడిది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది వెనక ఎర్ర లైటు దూరం నుంచే కనబడాలంటుంది; నంబరు ప్లేటు మీద తెల్లటి వెలుగు పడి 15 మీటర్ల నుంచి అంకెలు చదవగలగాలంటుంది. ఆటోకైతే మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. సొంత బండికి 15 ఏళ్లు నిండి, రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్లు పొడిగించుకోడానికి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టేదాకా అలాంటి పరీక్షే లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి ఇంజను తిరగగానే హెడ్‌లైటు దానంతటదే వెలుగుతోంది, మంచి పని. వెనక బల్బు మాడిపోతే మాత్రం నడిపేవాడికి తెలియదే! పైగా ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మే తెల్ల ఎల్ఈడీలకి డబ్బు పోస్తున్నాం, బురద పట్టిన వెనక దీపం అద్దాన్ని తుడవం. పొగ సర్టిఫికెట్ కోసం ఎలాగూ బండి ఆపుతారు. అక్కడే బ్రేకు తొక్కించి, ఇండికేటర్లు వేయించి, వెనక దీపం వెలిగితేనే కాగితం చేతికివ్వాలని ప్రభుత్వం నిబంధన తేవాలి, అదీ ఈ దాళ్వా కోతలకి ముందే.