విద్యార్థుల లఘుచిత్రము – సన్నాహదశ

పది నిమిషముల చిత్రమును తీయుటకు నేడు చేతిలోని ఫోను చాలును. ముడి ఫిల్మును అడుగుల లెక్కన కొనవలసిన కాలమున ద్రవ్యాభావమే ఆలోచనకు గురువుగా నుండెడిది. ఒక్క అడుగైనను వృథా కాకుండుటకై సర్వమును ముందుగా కాగితముపై నిర్ణయించుకొనక తప్పెడిది కాదు. ఆ నిర్బంధము తొలగుటతో సన్నాహమును సన్నగిల్లుచున్నది. విద్యార్థి మొదట తీయుచున్నాడు. ఏమి తీసెనో పిదప యోచించుచున్నాడు. మార్కులు వేయువారును పూర్తియైన చిత్రమునే చూచుచున్నారు. భాషాశాఖలకు ఇది తగదని నా అభిప్రాయము. సాహిత్య విద్యార్థి విషయమున చిత్రముకంటె తత్పూర్వ పరిశ్రమయే ప్రధానముగా పరీక్షింపదగినది.

ఈ పరిశ్రమ మనకు క్రొత్తది కాదు. ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును సూచ్యమనియు, దృశ్యశ్రవ్యమనియు విభజించెను. నీరసమును అనుచితమును అగునది సూచ్యము, రసభావనిరంతరమగునది చూపదగినది. సూచ్యమును తెలుపుటకు విష్కంభము, చూలిక, అంకాస్యము, అంకావతారము, ప్రవేశకము అను ఐదు మార్గములను చెప్పెను. దేనిని చూపవలెను, దేనిని సూచించి విడువవలెను అను ఈ వివేచనయే సన్నాహదశకు ప్రాణము.

గురజాడ అప్పారావు దిద్దుబాటును ఉదాహరణముగా గైకొందము. 1910లో ఆంధ్రభారతిలో వెలువడిన ఈ కథలో రాత్రి ఆలస్యముగా ఇల్లు చేరిన గోపాలరావు, భార్య కమలిని వ్రాసిపెట్టిన ఉత్తరమును చూచి కలవరపడును. కడపట మంచము క్రిందనుండి ఆమె నవ్వు వినవచ్చును. పాఠకునికి ఆమె కనబడకుండుట రచయిత మౌనమువలన సిద్ధించినది. కెమెరాకు అట్టి మౌనము లేదు. గదిని చూపినచో మంచమును చూపవలసివచ్చును. మంచమెంత యెత్తు, దుప్పటి అంచు ఎంతవరకు వ్రేలాడును, దీపమే మూల నుండవలెను అనునవి చిల్లర ప్రశ్నలుగా తోచును గాని, నిజమునకవి కథనదృష్టిని గూర్చిన ప్రశ్నలు. ఉత్తరమును వినిపింపవలెనా, అక్షరములనే చూపవలెనా? వినిపించినచో ఎవరి గొంతు? గోపాలరావు గొంతైనచో ఆమె మాటలు అతని భయముతో కలిసి వినబడును. కమలిని గొంతైనచో కడపటి నవ్వు బలము తగ్గును. ఆ నవ్వు చూలికవంటిది. తెరమాటు గొంతు తొలిసారి వినబడుటయందే దాని శక్తి కలదు. ఒక్క ఉత్తరమును గూర్చి ఇంత తర్కించిన విద్యార్థి, కథను పదిమారులు చదివినవానికంటె ఎక్కువ యెరిగినవాడు.

తెలుగునేలకు వెలుపల బోధించు మావంటివారికి మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు మాటలాడుచు లిపి నెరుగని విద్యార్థులు మా తరగతులలో కలరు. వారు సంభాషణలను నాగరిలో వ్రాసికొందురు. హిందీవ్రాతలో వాడుకయందున్న నాగరికి హ్రస్వములైన ఎ, ఒలకు వేరు గుర్తులు లేవు. మెడ మేడయగును, కొన కోనయగును. సంభాషణప్రతియందు ఒక గుర్తుతో దిద్దదగిన దోషము, చిత్రీకరణానంతరము దిద్దుటకు దుష్కరము. పాత్ర ఏ సీమ తెలుగు పలుకవలెనను నిర్ణయమును అట్టిదే. 1938లో వచ్చిన మాలపిల్లకు తాపీ ధర్మారావు వాడుకభాషలో సంభాషణలు వ్రాయుట కెమెరా కదలకపూర్వమే చేసిన భాషానిర్ణయము. మన విద్యార్థులు దానిని నటుల నోటికి వదలివేయరాదు.

సత్యజిత్ రాయ్ 1955 నాటి పథేర్ పాంచాలీని సంపూర్ణమైన వ్రాతప్రతి లేకయే తీసెను గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే, కాని ఆయనయొద్ద దృశ్యములను గీసిన బొమ్మలును, వ్రాసికొన్న సూచనలును ఉండెను. అంతకు పూర్వమే ఆ నవలయొక్క బాలల సంక్షిప్తప్రతికి ఆయన చిత్రములు గీసియుండెను. అక్కడ లోపించినది వ్రాతప్రతియే గాని సన్నాహము కాదు.

కావున నా సూచన యిది. విద్యార్థి చిత్రముతోపాటు సన్నాహపత్రమును సమర్పింపవలెను. అందు ఏ పాఠమును ఏల గైకొనెనో, సూచ్యదృశ్యముల పట్టిక, దిద్దిన సంభాషణప్రతి, విడిచిన ఘట్టములకు కారణములు ఉండవలెను. మార్కులలో సగమునకు తక్కువ కాకుండ దీనికే కేటాయింపవలెను. పూర్తియైన చిత్రమునే తూచినచో మంచి పరికరము గలవానికి మేలు కలుగును. పాత ఫోనుతో తీసిన పేద విద్యార్థి, ఎంత చక్కగా యోచించినను, వెనుకబడును. కాగితమును పెన్సిలును అందరకును సమానములే. ఈ విషయము తెలుగునకే పరిమితము కాదు గనుక, ఇతర భారతీయ భాషాశాఖల పండితులును దీనిని పరిశీలింతురని ఆశించుచున్నాను.