ఒల్లను అనే హక్కు

మన ఉత్తరాంధ్ర వాడుకలో 'ఒల్లను' అనే మాట వుంది. అక్కర్లేదు, ఒప్పుకోను, మళ్లీ అడగొద్దు - ఈ మూడూ కలిసిన మాట అది. టెక్కలి కుర్రాడైనా, బొబ్బిలి అమ్మాయైనా 'నానొల్ల' అన్నారంటే ఇక బతిమాలి లాభం లేదు. ఇంత గట్టిగా కాదనగల మనవాళ్లు చేతిలోకి ఫోను రాగానే ఆ మాట మరచిపోతున్నారు. ఎన్నో సైట్లలో పేజీ తెరవగానే అడుగున ఒక పలక లేస్తుంది: "మేము కుకీలు వాడుతున్నాము, అంగీకరించండి" అని. అదీ ఇంగ్లీషులో. ఒప్పుకునే మీట పెద్దగా, రంగుగా మెరుస్తూ వుంటుంది. వద్దనే మీట వెతికితే గాని కనబడదు. కొన్నిచోట్ల అసలే వుండదు. రైలు టిక్కెట్టు తొందరలోనో, స్కాలర్‌షిప్పు ఆఖరు తేదీ కంగారులోనో టక్కున నొక్కేస్తాం. ఏం ఒప్పుకున్నామో తెలియదు. తెలియకుండా ఇచ్చిన ఒప్పుదల ఒప్పుదలేనా? ఈ వ్యాసం అడిగేది ఈ ఒక్క ప్రశ్నే.

ముందుగా కుకీకి న్యాయం చేద్దాం. కుకీ దొంగ కాదు, వైరసూ కాదు. అది ఒక చీటీ, అంతే. రైల్వే స్టేషన్లో క్లోక్‌రూముకి వెళ్లి పెట్టె అప్పజెబితే నంబరు వేసిన చీటీ ఇస్తారు. సాయంత్రం ఆ చీటీ చూపిస్తే, మన ముఖం గుర్తులేకపోయినా మన పెట్టె మనకిస్తారు. వెబ్‌సైటుకి కూడా మతిమరుపు ఎక్కువ. వెబ్ నడిచే పద్ధతి ప్రకారం సర్వరు ఒక పేజీ పంపగానే మనల్ని మరచిపోతుంది. తర్వాతి పేజీ అడిగినవాడు ఇందాకటివాడేనని దానికి తెలియదు. ఈ చిక్కు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీరు లూ మాంటుల్లి ఒక ఉపాయం పన్నాడు. సైటు చిన్న చీటీ రాసి మన బ్రౌజరుకి ఇస్తుంది. మనం ఆ సైటుకి మళ్లీ వెళ్లినప్పుడల్లా బ్రౌజరు ఆ చీటీ చూపిస్తుంది. కొనదలచిన వస్తువులు బుట్టలో నిలిచివుండేది, లాగిన్ అయ్యాక పేజీ పేజీకీ పాస్‌వర్డు అడగకుండా వుండేది ఈ చీటీ పుణ్యమే. దానికి కుకీ అన్న పేరు కూడా బిస్కట్టును చూసి పెట్టింది కాదు. యూనిక్స్ ప్రోగ్రామర్లు అంతకుముందే వాడుతున్న 'మ్యాజిక్ కుకీ' అన్న మాట నుంచి తీసుకున్నాడు.

మాంటుల్లి ఒక జాగ్రత్త కూడా తీసుకున్నాడు. బ్రౌజరుకి ఒకే శాశ్వత నంబరు ఇచ్చి దాన్ని అన్ని సైట్లకీ చూపించవచ్చు గదా అంటే, అలా చేస్తే మనిషిని వెబ్ అంతటా వెంబడించవచ్చని అతను ఒప్పుకోలేదు. ఏ సైటు ఇచ్చిన చీటీ ఆ సైటే చదవాలి అన్నది అతని నియమం. మంచి నియమమే. మరి వెంబడించడం ఎలా మొదలయింది?

ఇలా ఊహించండి. జగదాంబ సెంటర్లో ఒక బట్టల కొట్టు, డాబాగార్డెన్స్‌లో ఒక పుస్తకాల షాపు, మహారాణిపేటలో ఒక మందుల షాపు. మూడింటి గోడల మీదా ఒకే ప్రకటనల కంపెనీ పోస్టర్లు. పోస్టరు పక్కన ఆ కంపెనీ మనిషొకడు నిలబడి వుంటాడు. మీరు బట్టల కొట్లో అడుగు పెట్టగానే మీ జేబులో నంబరు చీటీ ఒకటి దోపుతాడు. పుస్తకాల షాపులో వాడి తమ్ముడు ఆ చీటీ చూసి, 'ఈ నంబరువాడు పోటీపరీక్షల పుస్తకాలు కొన్నాడు' అని రాసుకుంటాడు. మందుల షాపులో ఇంకో తమ్ముడు, 'ఇదే నంబరువాడు నిద్రమాత్రల గురించి అడిగాడు' అని రాసుకుంటాడు. రాత్రికి అన్నదమ్ములు కూర్చుని లెక్కలు కలుపుతారు. మీ పేరు వాళ్లకి తెలియకపోవచ్చు. మీ అవసరాలు, భయాలు, బలహీనతలు తెలుసు. మీరు ఏ షాపువాడికీ ఈ అనుమతి ఇవ్వలేదు. ఆ అన్నదమ్ములతో మీరు మాట్లాడనే లేదు.

వెబ్‌లో జరిగేది ఇదే. పేజీ ఒక సైటుది. అందులోని ప్రకటన ఇంకో కంపెనీ సర్వరు నుంచి వస్తుంది. ప్రకటనతోపాటు ఆ కంపెనీ తన చీటీ కూడా పెడుతుంది. వెయ్యి సైట్లలో తన ప్రకటనలుంటే, ఆ వెయ్యి చోట్లా తన చీటీ తానే చదువుకుంటుంది. మాంటుల్లి నియమం భంగం కాలేదు, కాని దాని ప్రయోజనం మంటగలిసింది. దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటున్నారు. మన భాషలో మూడోవాడి చీటీ అందాం.

ఈ ప్రమాదం ఎవరికీ తట్టలేదనుకోకండి. 1997లో కుకీల ప్రమాణం రాసిన ఇంటర్నెట్ ఇంజనీర్లే, మూడోవాడి చీటీలను బ్రౌజర్లు తమంతట తాము అనుమతించరాదని రాశారు. అప్పటి పెద్ద బ్రౌజర్లు రెండూ - నెట్‌స్కేపూ, మైక్రోసాఫ్టూ - ఆ మాట పాటించలేదు. ప్రకటనల వ్యాపారం ఆ కిటికీలోంచే లోపలికి వచ్చింది. వెబ్ ప్రకటనల్లో పేరుమోసిన డబుల్‌క్లిక్ కంపెనీని 2008లో గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొనేసింది. చీటీలో ఏముందిలే అనుకునేవారు ఈ అంకె ఒకసారి చూడండి.

"నా దగ్గర దాచుకోడానికి ఏముంది?" అని మన మిత్రులు కొందరంటారు. మంచిదే. అయితే హాస్టల్ గది తలుపు ఎందుకు వేసుకుంటున్నారు? తప్పు చేయడానికా? కాదు గదా. ఫీజుకు డబ్బు చాలక అప్పుల కోసం వెతికే విద్యార్థి, ఎవరికీ చెప్పుకోలేని జబ్బు గురించి చదివే విద్యార్థిని - వీళ్లు నేరస్థులు కారు. కాని వాళ్ల ఇబ్బంది తెలిసినవాడి చేతిలో వాళ్లమీద ఒక పట్టు వుంటుంది. అధిక వడ్డీ అప్పుల ప్రకటన ఎవరి కంటపడాలో ఆ పట్టు వున్నవాడే నిర్ణయిస్తాడు.

"ప్రకటనలు లేకపోతే సైట్లు ఉచితంగా ఎలా నడుస్తాయి?" అన్నది రెండో ప్రశ్న. ఇదీ న్యాయమైన ప్రశ్నే. పత్రికలు ప్రకటనల మీదనే బతికాయి, ఈ సంచికా అంతే. కాని పత్రికలో పడ్డ చీరల ప్రకటన మన వెంట ఇంటిదాకా రాదు. క్రికెట్ పేజీలో బ్యాట్ల ప్రకటన వేయడానికి పాఠకుడి జాతకం అక్కర్లేదు. ప్రకటనకి నేను అడ్డు చెప్పడం లేదు. వెంబడించడానికే అడ్డు చెబుతున్నాను.

న్యాయస్థానాలు ఈ విషయంలో మనకన్నా ముందే మేలుకున్నాయి, అదీ మన రాష్ట్రం కేసులో. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలోని 73వ సెక్షనుని సవరించింది. కలెక్టరు అధికారమిచ్చిన ఏ మనిషైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదార్ల పత్రాలు తనిఖీ చేయవచ్చు, పట్టుకుపోవచ్చు అన్నది దాని సారాంశం. బ్యాంకులు హైకోర్టుకి వెళ్లి గెలిచాయి. ప్రభుత్వం అప్పీలు చేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒకవైపు, కెనరా బ్యాంకు మరోవైపు నిలిచిన ఆ కేసులో 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: గోప్యత మనుషులకు చెందినది గాని చోటుకు చెందినది కాదు, పత్రాన్ని బ్యాంకులో పెట్టినంత మాత్రాన దానిమీద ఖాతాదారుకి వున్న గోప్యత హక్కు పోదు. అమెరికా సుప్రీంకోర్టు 1976లో దీనికి విరుద్ధంగా చెప్పిన సంగతి తెలిసే మన కోర్టు ఈ మాట చెప్పింది. తర్వాత 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. బ్యాంకులో పెట్టిన కాగితం మనదే అయినప్పుడు, సైటులో వదిలిన అడుగుజాడ మాత్రం పరాయిసొమ్ము ఎలా అవుతుంది?

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో కుకీ అనే మాట లేదు గాని మనకు కావలసిన సూత్రాలున్నాయి. ఒప్పుదల స్వేచ్ఛగా, ఫలానా పనికోసమని, తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై వుండాలి. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా వుండాలి. నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో అడిగి చదువుకోవడం మన హక్కవుతుందన్నమాట. 18 ఏళ్లు నిండనివారిని వెంబడించి ప్రకటనలు గురిపెట్టకూడదు. మొదటి సంవత్సరం తరగతుల్లో ఆ వయసువాళ్లున్నారని మరువకండి. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి వాటిలో 18 నెలల గడువు ఇచ్చారు. యూరపులో ఇంకొంచెం ముందుకెళ్లారు. ముందే టిక్కు పెట్టివుంచిన గడి ఒప్పుదల కాదని 2019లో అక్కడి న్యాయస్థానం చెప్పింది. ఒప్పుకోడానికి ఒక నొక్కు, వద్దనడానికి పలు నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్సు దేశపు సంస్థ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్లు 2022 జనవరిలో ప్రకటించింది.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఇప్పుడే చేయగల పనులు చెబుతాను. క్రోమ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగానికి వెళ్లి - ఫోనులో అయితే సైట్ సెట్టింగ్స్‌లో - థర్డ్ పార్టీ కుకీలను ఆపేయండి. ఇది మీరే చేయాలి. వాటిని తొలగిస్తామని 2020లో ప్రకటించిన గూగుల్, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 జూలైలో ఆ ఆలోచన మానుకుంది. యాపిల్ వారి సఫారీ 2020 నుంచే వాటిని పూర్తిగా ఆపుతోంది. ఫైర్‌ఫాక్సు 2022 నుంచి ఒక్కో సైటు చీటీలను ఒక్కో డబ్బాలో విడిగా పెడుతోంది. పలక లేచినప్పుడు ఒక్క నిమిషం ఆగి, 'రిజెక్ట్' వుంటే అది నొక్కండి. లేకపోతే 'మేనేజ్' లోపలికి వెళ్లి అవసరమైనవి మాత్రం వుంచండి. అప్పుడప్పుడు పాత కుకీలు తుడిచేయండి. లాగిన్లు పోతాయి, మళ్లీ పాస్‌వర్డు కొట్టుకోవాలి, అంతే. లైబ్రరీ కంప్యూటరు మీద, నెట్ సెంటర్లో పని అయ్యాక లాగౌట్ కాకుండా లేవకండి. మీ చీటీ కుర్చీలో తర్వాత కూర్చున్నవాడికి దొరుకుతుంది. ఇన్‌కాగ్నిటో కిటికీ మూసెయ్యగానే చీటీలు పోతాయి గాని, మీరు వెళ్లిన సైటుకీ, నెట్‌వర్కు నడిపేవారికీ మీరు కనబడకుండా పోరు.

ఇవన్నీ చేసినా పూర్తిగా గట్టెక్కామని చెప్పను. చీటీ లేకున్నా పరికరం గుర్తులను బట్టి పోల్చుకునే పద్ధతులున్నాయి. అందుకే దీన్ని ఒక్కొక్కరి జాగ్రత్తకే వదిలెయ్యడం తప్పు అంటాను. లక్షలమంది సెట్టింగులు మార్చుకోవాలనడం కన్నా, అడిగేవాడు సరిగ్గా అడగాలనడం న్యాయం. అడగనంతవరకూ జవాబు 'ఒల్లను' అనే లెక్క.

ఈ మాట విశాఖలో చెప్పడానికి ప్రత్యేకమైన కారణముంది. 1933లో ఓడలకు తలుపు తీసిన ఈ రేవు, ఉక్కు కరిగించే ఈ వూరు, ఇప్పుడు సమాచారానికి కూడా రేవు కాబోతోంది. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఇక్కడ డేటా కేంద్రం నెలకొల్పుతామని, సముద్రం అడుగునుంచి కేబుళ్లు తెస్తామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. రానివ్వండి. ఉద్యోగాలూ రానివ్వండి. మన ఇంజనీరింగ్ విద్యార్థులు అలాంటి కంపెనీల్లో చేరతారు, రేపు ఆ పలకలు గీసేది, ఆ మీటల సైజు నిర్ణయించేది వాళ్లే కావచ్చు. వద్దనే మీటను కూడా అంతే పెద్దగా గీసే బుద్ధి తరగతి గదిలోనే రావాలి.

కాబట్టి రాబోయే యూనియన్ కార్యవర్గానికి మూడు కోర్కెలు. కాలేజీ ల్యాబుల్లో, లైబ్రరీలో బ్రౌజర్లు మూసినవెంటనే కుకీలు తుడుచుకుపోయేట్టు, మూడోవాడి చీటీలు ఆగేట్టు పెట్టించాలి. విద్యార్థులు తప్పనిసరిగా వాడే దరఖాస్తు, ఫీజు, ఫలితాల పేజీల్లో ప్రకటనల కంపెనీల చీటీలు వుండరాదని, నోటీసు తెలుగులో కూడా వుండాలని అడగాలి. కొత్తగా చేరినవారికి స్వాగతసభ నాడు ఒక గంట ఈ విషయం చెప్పించాలి. లెక్చరర్లు కాదనరని నా నమ్మకం.

1966లో ఇదే వూళ్లో విద్యార్థులు ఉక్కును 'హక్కు' అని పిలిచి సాధించారు. దానితో పోలిస్తే మనం అడిగేది చిన్నదే: ఒక మీట, ఒక తెలుగు వాక్యం, కాదనే స్వేచ్ఛ. చిన్నదని ఊరుకుంటే మాత్రం ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు.