ఎనిమిది అంకె చాలదు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలవారే. క్యాజువాలిటీలో దశాబ్దాలు గడిపినవాడిగా చెబుతున్నాను: హెల్మెట్ దెబ్బను తగ్గిస్తుంది, ప్రమాదాన్ని నివారించలేదు. అందుకు నైపుణ్యం కావాలి.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా బండి తిప్పిస్తారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గేదె అడ్డొస్తే? ఒక్క సెకను తడబడితే బండి దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. ఆపే శక్తిలో అధిక భాగం ముందు బ్రేకుదే. పడిపోతామన్న భయంతో చాలామంది దాన్ని ముట్టరు. రెండు బ్రేకులనూ క్రమంగా బిగించడం సాధనతోనే అలవడుతుంది.

ఈ శిక్షణ ఖరీదైన బైకులవారి విలాసం కారాదు. పాలు పోసేవారికీ, డెలివరీ కుర్రవాళ్లకూ అందాలి. పరీక్షలో తప్పనిసరి కావాలి. అంతవరకు, బిడ్డ చేతికి తాళం ఇచ్చేముందు ఖాళీ మైదానంలో బండిని ఆపడం నేర్పించండి.