మన పెరటి తోట: డాలియా దుంపను ఎండాకాలం దాటించడం



మొన్న క్రిస్మస్ పండుగకు మందిరములో పెట్టిన డాలియా పూలను చూసి, ఏ ఊరినుండి తెప్పించారని చాలామంది అడిగారు. మా పెరట్లో పూసినవేనని చెబితే, "మా ఇంట్లోనూ ఒక ఏడు బాగా పూసిందండీ, మరుసటి ఏడు మొలవనే లేదు" అన్నవారే ఎక్కువ. అందుకే ఈ నెల పేజీ డాలియాకు ఇస్తున్నాము. కొన్నిచోట్ల డేలియా అంటారు, పువ్వు అదే. ఇప్పుడు మార్చి నెల. మొక్కల అడుగు ఆకులు పసుపుబారుతుంటాయి. చాలా ఇళ్లలో డాలియా పోయేది ఈ నెల నుండి జూన్ లోపలే. పోయిందని తెలిసేది మాత్రం సెప్టెంబరులో.

మాకూ మొదట్లో అలాగే జరిగింది. తొమ్మిది మొక్కలు తెచ్చి నాటాము. వరికి వేయగా మిగిలిన యూరియా ఉన్నది గదా అని పదిహేను రోజులకొకసారి పిడికెడు వేస్తూ వచ్చాము. ఆకులు అరచేయంత అయ్యాయి. కాడలు లావెక్కాయి గాని లోపలంతా బోలు. ఒక్క ఈదురుగాలికి నాలుగు మొక్కలు విరిగాయి. పూలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సరే, దుంపలైనా బాగా ఊరాయని సంబరపడి కుండలో దాచాము. మే నెలలో మూత తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చింది. తొమ్మిది గుత్తులలో ఒక్కటి మిగిలింది. నత్రజని ఎక్కువైన దుంప మెత్తగా నీరుపట్టి ఉంటుంది, నిల్వకు ఆగదు.

ఆ ఏడే మరొక పొరపాటు కూడా చేశాము. మిరప చేనికి కొట్టగా మిగిలిన పురుగుమందును డాలియాల మీద కూడా కొట్టాము. మరునాడు ఆదివారము. పిల్లలు ఆ పూలు కోసి బుగ్గలకు ఆనించుకొని ఆడుతుంటే చూసి మా గుండె జారిపోయింది. వెంటనే పూలు లాక్కొని, చేతులూ మొహాలూ సబ్బుతో కడిగించాము. దేవుని దయవలన ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మందు పంపు మళ్లీ పూలమొక్కల దగ్గరికి రాలేదు. అప్పటినుండి మా డాలియాలకు పశువుల ఎరువు, వేప పిండి, కాస్త బూడిద, ఇవే.

డాలియా మన నేల మొక్క కాదు, మెక్సికో కొండ ప్రాంతాలది. 1789లో అక్కడినుండి స్పెయిన్ దేశములోని మాడ్రిడ్ తోటకు చేరింది. 1791లో కవానియెస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, స్వీడన్ దేశస్థుడైన ఆండర్స్ డాల్ జ్ఞాపకార్థము దానికి ఈ పేరు పెట్టాడు. 1963లో మెక్సికో దానిని జాతీయ పుష్పముగా చేసుకుంది. ఈ చరిత్ర మనకెందుకని అనుకోవద్దు. ఆ కొండల మీద వానాకాలము చల్లగా ఉంటుంది, తరువాత నెలల తరబడి నేల ఎండి ఉంటుంది. ఆ పొడి నెలల్లో మొక్క పైన చనిపోయి దుంపలో బతుకుతుంది. మన మైదానాల్లో అంత చల్లదనము చలికాలములోనే దొరుకుతుంది గనుక ఇక్కడ దాని కాలము అక్టోబరు నుండి ఫిబ్రవరి. ఎండాకాలము దాని నిద్ర. పాపము ఎండిపోతున్నదని జాలిపడి రోజూ చెంబెడు నీళ్లు పోసేవారి ఇంట్లోనే దుంప ముందు కుళ్లుతుంది.

కనుక ఆకులు పసుపుబారగానే నీళ్లు తగ్గించండి. రెండు మూడు వారాల్లో మొక్క ఎండుతుంది. జానెడు కాడ ఉంచి పైది కోసివేయండి. దుంపలు తీసేటప్పుడు కాడ పట్టుకొని పీకవద్దు. అడుగు దూరములో చుట్టూ పారతో గుచ్చి, మట్టిని వదులు చేసి, గుత్తిని కింద చేయిపెట్టి ఎత్తండి. ఎందుకంత జాగ్రత్త అంటే, బంగాళాదుంపకు ఒళ్లంతా కళ్లుంటాయి, ఎక్కడ కోసి నాటినా మొలుస్తుంది. డాలియా దుంప అలా కాదు. దాని కన్ను దుంప మీద ఉండదు. మెడ పైన, పాత కాడను అంటుకొని ఉన్న మొదట్లో ఉంటుంది. మెడ విరిగిన దుంప ఎంత లావున్నా కూరలో వేసుకోవడానికి తప్ప పనికిరాదు. మెక్సికోలో పూర్వము తినేవారట కూడా! మేము మాత్రము రుచి చూడలేదు.

తీసిన గుత్తులను మట్టి దులిపి, నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. దెబ్బతిన్న చోట బూడిద అద్దండి. మట్టి కుండలో ఎండిన ఇసుక పోసి, గుత్తులు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన మళ్లీ ఇసుక కప్పండి. ఏ రంగుదో చీటీ రాసి కాడకు కట్టండి. ఇంట్లో అన్నిటికంటే చల్లని మూల ఏదో ఇంటివారికే తెలుసు. మా ఇంట్లో అది ధాన్యపు గాదె వెనుక. నెలకొకసారి తీసి చూడాలి. మెత్తబడిన ముక్కను కోసి పారవేసి బూడిద అద్దాలి. దుంప మరీ ముడతలు పడితే ఇసుక మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించాలి, అంతే. కుండీల్లో పెంచేవారు దుంప తీయకుండా కుండీనే నీడలో పక్కకు పడుకోబెట్టి, తడి తగలకుండా ఉంచవచ్చు.

ఆగస్టు చివర గుత్తులను తేమ ఇసుకలోకి మారిస్తే కళ్లు ఉబ్బి కనిపిస్తాయి. అప్పుడు ప్రతి ముక్కకు ఒక కన్ను వచ్చేటట్టు పదునైన కత్తితో విడదీయండి. క్రిస్మస్ నాటికి పూలు కావాలంటే సెప్టెంబరు నెలాఖరుకు నాటాలి, సుమారు మూడు నెలలు పడుతుంది. కోస్తా జిల్లాలవారికి అక్టోబరు, నవంబరు తుఫాను వానల బెడద ఉన్నది. అక్కడ కుండీల్లో పెట్టి చూరు కిందికి జరుపుకోవడమే మేలు. నల్లరేగడి నేలలో ఎత్తుగా మడి కట్టి ఇసుక కలపాలి. కుండీకైతే రెండు పాళ్లు తోట మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేప పిండి. పచ్చి పేడ వేయవద్దు. ఊతకర్ర ముందు పాతి తరువాత దుంప పెట్టండి. తరువాత పాతితే కర్ర దుంపలోకే దిగుతుంది. మొలక కనబడేదాకా నీరు పొదుపుగా పోయండి.

నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచాలి, పక్కకొమ్మలు వస్తాయి. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మ చివర వచ్చే మూడు మొగ్గల్లో నడిమిది ఉంచి తక్కినవి గిల్లివేయాలి. ఇంట్లో దీనికి పెద్దమ్మ ఒప్పుకోరు, పూసే మొగ్గను గిల్లుతారా అని. వారి కుండీ ఒకటి వారి ఇష్టానికే వదిలేశాము. దానికి చిన్న పూలే అయినా బోలెడు. పువ్వు పూర్తిగా విచ్చాకే తెల్లవారుజామున కోయండి, కోసిన మొగ్గ నీళ్లలో విచ్చదు.

పేనుబంకకు, తామర పురుగుకు 50 గ్రాముల వేప గింజల పప్పు దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడకట్టి, కొంచెము సబ్బు నీళ్లు కలిపి సాయంత్రము పూట చల్లుతాము. బూడిద తెగులు కనబడితే ఆ ఆకులు తుంచి, పుల్లని మజ్జిగకు పదింతల నీళ్లు కలిపి చల్లుతాము.

ఒక్క తెగులుకు మాత్రము ఏ మందూ లేదు. ఆకుల మీద పసుపు పచ్చని మచ్చలు, ఈనెల వెంట లేత చారలు, మొక్క గిడసబారి ఉండటం. ఇది పేనుబంక మోసుకొచ్చే వైరస్. దుంపలోకి దిగి మరుసటి ఏడు మళ్లీ వస్తుంది. ఇది తెలియక, బలము చాలలేదనుకొని, అటువంటి ఎర్రరంగు డాలియా దుంపలను మా సంఘములోని ఒక సహోదరికి ప్రేమగా ఇచ్చాము. మరుసటి చలికాలము వారి పెరటికి వెళితే, వారి పాత పచ్చరంగు మొక్కలతో సహా వరుసంతా మచ్చలే. వారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఏడుపు వచ్చినంత పనైంది. ఇద్దరము కలిసి వారి వరుసా, మా ఎర్రవీ పెరికి కాల్చివేశాము. ఒక్క కుండీ మాత్రము దూరముగా బావి దగ్గర ఉండి బతికింది. ఇప్పుడు జనవరిలోనే, ఆకులు పచ్చగా ఉండగానే, మచ్చలేని మొక్కలకు తెల్లదారము కట్టుకుంటాము. ఎండిన తరువాత ఏది మంచిదో ఎవరికీ తెలియదు. ఆ దారమున్న దుంపనే ఎవరికైనా ఇస్తాము.

పోయిన వారము ఆ సహోదరి బావి దగ్గరి పచ్చ డాలియా గుత్తిని విడదీసి ఒక పాయ తెచ్చి ఇచ్చారు. కాడకు తెల్లదారము ఉన్నది. ప్రస్తుతము గాదె వెనుక కుండలో ఉంచాము.