గడప మీది పసుపు

నలుపు తెలుపు ఛాయాచిత్రం చూడగానే మనలో చాలామందికి ‘పాతకాలం’ అన్న మాటే ముందు స్ఫురిస్తుంది. అందుకే కాబోలు, నిన్న తీసిన ఫొటోకు కూడా రంగు తీసేసి ముసలితనం తెచ్చిపెడుతున్నాం. ఈ అలవాటు నాకు రుచించదు. అలాగని నలుపు తెలుపు అక్కర్లేదనీ అనను.

ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు యూజెన్ అట్జే (1857–1927) మూడు దశాబ్దాల పాటు బరువైన కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ పాత పారిస్‌ను తీశాడు. వీధులు, మెట్లు, అంగళ్ళు; 1910 నాటి సంపుటిలో ఇళ్ళ లోపలి గదులు. చాలా చిత్రాల్లో మనుషులుండరు. వాటిని నేరం జరిగిన చోటుతో పోల్చడం సబబేనని వాల్టర్ బెంజమిన్ భావించాడు. నా మటుకు నాకు అవి ఇంటివాళ్ళు ఇప్పుడే బయటికెళ్ళిన ఇళ్ళలా తోస్తాయి. 1907 నుంచే రంగు పలకలు అమ్మకంలో ఉన్నాయి. అయినా ఆ చిత్రాల్లో రంగు లేని లోటు నాకు కనిపించదు. మనిషి వాడి అరగదీసినదంతా వెలుగునీడల్లోనే తెలిసిపోతుంది.

ఈ సంగతి నాకు అమ్మమ్మగారి ఇల్లు అమ్మేటప్పుడు అనుభవంలోకి వచ్చింది. పడగొట్టేలోపు ఫొటోలు తీశాను. రంగుల్లో చూస్తే నీలం సున్నం, ఎర్ర ప్లాస్టిక్ బకెట్టే కంటికి తగిలాయి. రంగు తీసేశాక దీపం గూటిపైని మసి, నడిచి నడిచి అరిగిన గడప, తాతయ్య తల ఆనించి కూర్చునే స్తంభం మీది నూనె మరక పైకి తేలాయి. పొంగిపోయి అమ్మకు చూపించాను.

“గడపకి పసుపేదిరా?” అంది.

నిజమే. అమ్మమ్మ రోజూ రాసిన పసుపు బూడిదరంగులో కలిసిపోయింది. అరుగుదల ఎంత మనిషి గుర్తో, పూత కూడా అంతే. మొదటిదాన్ని నలుపు తెలుపు పట్టిస్తుంది, రెండోదాన్ని మింగేస్తుంది.

అట్జే తన చిత్రాలను కళాఖండాలని చెప్పుకోలేదు. చిత్రకారులకు పనికొచ్చే ఆధారాలుగా అమ్ముకున్నాడు. మనకూ ఆ వినయం అవసరమనుకుంటాను. రంగు ఉంచాలా, తీయాలా అన్నది ఆ చోట బతికినవారి గుర్తు ఎక్కడుందో చూసి తేల్చుకోవాలి. పాతదనం కోసం మాత్రం కాదు.

ఆ ఇల్లిప్పుడు లేదు. గడప ఫొటో ఒక్కటీ రంగులోనే దాచుకున్నాను. మీరైతే ఏం చేసేవారు?