హీట్ గన్ పట్టే ముందు థర్మామీటర్ పట్టండి

గేమ్ కన్సోళ్ల యజమానులకూ రిపేరు షాపుల వారికీ విజ్ఞప్తి

ఎక్స్‌బాక్స్ 360 మీద మూడు ఎర్ర లైట్లు వెలిగితే చాలు, 'హీటెక్కింది' అని తేల్చేసి బోర్డును హీట్ గన్‌తో కాల్చడం ఆనవాయితీగా మారింది. నిజానికి అందులో వేడికి గుర్తు రెండు లైట్లు. మూడు లైట్లంటే హార్డ్‌వేర్ లోపం. ఈ లోపం వల్లనే 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించాల్సి వచ్చింది. మాటిమాటికీ వేడెక్కి చల్లారడం వల్ల చిప్ లోపలి అతుకులు విరిగాయని 2021లో ఆ సంస్థ డాక్యుమెంటరీయే ఒప్పుకుంది. అలాంటి జబ్బుకు మళ్లీ వేడినే మందుగా వేస్తే విరిగిన అతుకు కొన్నాళ్లు పట్టుకుంటుంది, తర్వాత మళ్లీ వదిలేస్తుంది. కాల్చాక కన్సోల్ ఆన్ అయినంత మాత్రాన బాగైందనుకోవడం పొరపాటు.

నిజంగానే వేడి సమస్య అయితే, మార్పులు చేసిన కన్సోళ్లలో గాలి దారిని ముందు చూడాలి. వెనక ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతుంటే, ప్లాస్టిక్ తొడుగు ఆ గాలిని హీట్‌సింక్ రెక్కల మధ్య నుంచి నడిపిస్తుంది. తొడుగు తీసేసినా, ఫ్యాన్ పక్కనే మూతకు రంధ్రం కోసినా గాలి దగ్గరి దారి చూసుకుని, హీట్‌సింక్‌ను తాకకుండానే వెళ్లిపోతుంది. ఆ రంధ్రానికి టేపు వేసి, అదే గేమ్‌ను అరగంట నడిపి చూడండి: ఉష్ణోగ్రత తగ్గితే దోషం రంధ్రానిదే. చిప్ మండిపోతున్నా వెనక వచ్చే గాలి చల్లగానే ఉంటే, ఎండిన థర్మల్ పేస్టునో సరిగా కూర్చోని హీట్‌సింక్ క్లాంపునో అనుమానించాలి. గాలి వేడిగా, బలహీనంగా వస్తే దుమ్ము దులపాలి. ఆర్‌జీహెచ్ (రీసెట్ గ్లిచ్ హ్యాక్) చేసిన కన్సోళ్లలో వేసుకునే కస్టమ్ డాష్‌బోర్డే చిప్‌ల ఉష్ణోగ్రత చూపిస్తుంది. మిగతావాటికి మల్టీమీటర్ థర్మోకపుల్ ప్రోబ్‌ను హీట్‌సింక్‌కు తగిలిస్తే పోలికకు సరిపోతుంది.

'ఇంకో ఫ్యాన్ పెడితే నష్టమేముంది?' అంటారు. దాని గాలి మొదటి ఫ్యాన్‌కు ఎదురొస్తే ఉన్న చల్లదనం కూడా పోతుంది. పైగా ఏ ఫ్యానూ చిప్‌ను గది కంటే చల్లగా చేయలేదు; మన ఎండాకాలంలో గది వేడి తెలియకుండా ఏ అంకెకూ అర్థం లేదు. 'కస్టమర్ అంతసేపు ఆగడు' అన్నది మరో మాట. అరగంట పరీక్షకు ఆగలేనివారు, అదే రిపేరుకు రెండోసారి డబ్బు కట్టాల్సి రావచ్చని గుర్తించాలి.

అందుకే మేం అడిగేది ఒక్కటే: ప్రతి రిపేరు బిల్లు మీద గది ఉష్ణోగ్రత, రిపేరుకు ముందూ తర్వాతా చిప్ ఉష్ణోగ్రత రాయాలి. కన్సోల్ ఆన్ కాని స్థితిలో ఉంటే ఆ మాటే రాయాలి. షాపుల వారు ఈ పద్ధతిని ఈరోజే మొదలుపెట్టండి. యజమానులారా, ఆ అంకెలు అడిగి తీసుకోండి. అవి లేని బిల్లుకు డబ్బు చెల్లించకండి.