తాళము లేని పనిబల్ల

2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకమున, ఎంపికైన పాఠశాలలకు ప్రభుత్వము 20 లక్షల రూపాయలవరకు సాయమొసగినది. విద్యార్థులు స్వహస్తములతో వస్తువులు నిర్మించుటకు యంత్రములు వచ్చినవి. సంతోషమే. కాని ఎంపిక కాని పాఠశాలలోని బాలబాలికలు చేతులు కట్టుకొని కూర్చుండవలసినదేనా? అక్కరలేదని నా యభిప్రాయము.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (నేడది నర్మదాపురము) 1972లో 16 పాఠశాలలయందు ప్రయోగములద్వారా విజ్ఞానశాస్త్రమును బోధించు కార్యక్రమ మారంభమయ్యెను. 1978లో అచ్చటికి వచ్చిన అరవింద్ గుప్తా యను ఇంజనీరు, సంతలో దొరకు సైకిలు వాల్వు ట్యూబుతోను, అగ్గిపుల్లలతోను పిల్లలచే ఆకృతులు కట్టించెను. చిన్న ట్యూబు ముక్కలో ఇరువైపులనుండి రెండు పుల్లలు దూర్చినచో కీలు సిద్ధమగును. నాలుగు పుల్లల చతురస్రము వ్రేలితో నొక్కినంతనే ఒరిగిపోవును; మూడు పుల్లల త్రిభుజము కదలదు. రైలు వంతెనలలో అన్ని త్రిభుజములేల యుండునో ఆ పిల్లవాని వ్రేళ్లకే తెలియును.

ఇందులకు ప్రత్యేకముగా గది వలదు. తరగతిలో ఒక మూల బల్ల, సుత్తి, పట్టకారు, స్క్రూడ్రైవరు, పాడైన టార్చిలైట్లు, విరిగిన బొమ్మలు చాలును. (పాత సామానులు కొనువాడు వాని విలువను మనకన్న ముందే కనిపెట్టినాడు!) చాల పాఠశాలలలో పరికరములున్నను, పగులునను భయముచే బీరువాకు తాళము వ్రేలాడుచుండును. అద్దముగుండా చూచుటయే విద్యార్థి భాగ్యము. బల్లపై విప్పిన వస్తువు విరిగినచో ఎవరినుండియు పరిహారము కోరరాదు. ఈ నియమము లేనిచో అచ్చటికి కలవారి బిడ్డలే వత్తురు. ఇంటి విద్యుత్తును మాత్రము ముట్టరాదు. టార్చిలైటు బ్యాటరీలతోనే పని సాగవలెను.